మైకుకు అవతలివైపు

“పెట్టనంటోంది,” అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

ఒక చేతిలో ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం, ఇంకో చేతిలో మూత కూడా తియ్యని కలం. రెండూ వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి.

చిన్నకోడలు చెవుల మీది హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది. “ఏమంటోందత్తయ్యా అక్క?”

“అనడానికి నోరెక్కడుంది దానికి? రాసి నా చేతిలో పెట్టింది.” అత్తగారు చంకలోంచి పలక తీసి బల్ల మీద పెట్టింది. “కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలియడం లేదు. నువ్వే చదువు.”

పెద్దకోడలి గుండ్రటి అక్షరాలు. బడిలో పిల్లలకి పాటలు నేర్పే చెయ్యి అది. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా కనబడేలా నల్లబల్ల మీద రాసి రాసి, పలక మీదా అలాగే పెద్దగా రాస్తుంది.

‘ఆఖరి పాట వినాలి. నా గొంతు అందులో ఉందని తెలిశాకే సంతకం.’

పది రోజులుగా ఈ ఇంట్లో ఆవిడ తరఫున పలకే మాట్లాడుతోంది. గొంతులో గడ్డ. ఒక్క మాట కూడా పెగలనివ్వొద్దని డాక్టరు ఆజ్ఞ. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషను. గడ్డతోబాటు గొంతూ పోతుంది. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

“వినిపించెయ్యవే, పీడ వదులుతుంది,” అంది అత్తగారు. “పది రోజులైంది మీ బావగారు రికార్డు చేసి. ఇంకా ఆ పెట్టె ముందు కూర్చుని ఏం చేస్తున్నావో నాకర్థం కావడం లేదు.”

“కొంచెం శుభ్రం చెయ్యాలత్తయ్యా. మైకు అంత మంచిది కాదు.”

“మైకు మంచిది కాదు, మైకు మంచిది కాదు! నాలుగు రోజుల నుంచీ ఇదే పాట.” అత్తగారి గొంతు హఠాత్తుగా తగ్గిపోయింది. “ప్రాణం కన్నా ఎక్కువటే గొంతు? ఉన్నన్నాళ్ళూ ఉంది. పోతే పోనీ. మనిషి ఉంటే చాలదా?”

చిన్నకోడలు పలకని బల్ల మీద పక్కకి జరిపింది.

అత్తగారు వెళ్ళబోతూ ఆగింది. “నేనూ పొద్దున్నే దాని పాట వినే లేచేదాన్ని అనుకో,” అంది, ఎవరో అడిగినట్టు. “ఇప్పుడు మెలకువ వస్తోంది గానీ లేవబుద్ధి కావడం లేదు.”

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి చిన్నకొడుకు. పొద్దున్నే వెళ్ళి, ఖాళీ మంచం పక్కన కాపలా కూర్చున్నాడు.

“వదిన బయల్దేరిందా?”

“లేదు. సంతకం పెట్టలేదు.”

“పెట్టలేదేంటి? నాలుగింటికి బండి వచ్చేస్తుంది. ఐదులోపల సంతకం పెట్టిన కాగితం ఇక్కడ లేకపోతే ఈ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారట. మళ్ళీ ఎప్పుడంటే చెప్పలేమంటున్నారు. నెల ఆగితే ఇక కత్తి పెట్టి లాభం లేదని డాక్టరు అననే అన్నాడు కదా!”

“తెలుసు.”

“తెలిస్తే నువ్వేం చేస్తున్నావక్కడ?”

“పాట,” అంది చిన్నకోడలు. గోడ మీద గడియారం రెండున్నర చూపిస్తోంది.

* * *

ఆ ఆఖరి పాటని పెద్దకోడలు జన్మలో ఒక్కసారే పాడింది.

కట్టినవన్నీ తన సొంత పాటలే. పదకొండు. వేటికీ ఎక్కడా రాత లేదు, అన్నీ గొంతులోనే ఉన్నాయి. ఆఖరిది, గొంతు పోతుందన్న డాక్టరు మాట విన్న మర్నాడు కట్టింది. దాని మర్నాడు సాయంత్రం ఈ గదిలోనే, ఈ మైకు ముందే, పదకొండూ వరసగా పాడేసింది. ఆ రోజు చిన్నకోడలికి పనిలో సెలవు దొరకలేదు. బస్సుల రాకపోకలు చెప్పే గొంతుల్నీ, సబ్బుల ప్రకటనలు చదివే గొంతుల్నీ శుభ్రం చేసే రికార్డింగు గదిలో ఆమె ఉద్యోగం. వెళ్ళేముందు తీగలన్నీ తగిలించి, బావగారిని పిలిచి చెప్పింది.

“ఈ ఎర్ర బొత్తాం నొక్కండి బావగారూ. అక్క అయిందంటే మళ్ళీ ఇదే నొక్కండి. అంతే.”

అంతే అంది. అక్కడే ఉంది తప్పంతా.

ఇప్పుడు తెర మీద ఆ పాట ఒక బూడిదరంగు చారలా పడుకుని ఉంది. చిన్నకోడలు మళ్ళీ మొదటినుంచీ పెట్టింది.

‘తలుపు తీసే ఉంచాను గాలీ, మెల్లగా రా...’

అక్క పాడుతున్నట్టు లేదు. అక్కని కుండలో కూర్చోబెట్టి, మూతి మీద దుప్పటి కప్పి, ఆ కుండని తీసుకెళ్ళి పక్కగదిలో పెట్టినట్టుంది. మాటలకి అంచుల్లేవు. ‘స’ ఏదో ‘త’ ఏదో చెవి కాదు, మనసు ఊహించుకోవాలి.

నాలుగు రోజుల క్రితం మొదటిసారి వినగానే ఆమెకి ఏమై ఉంటుందో చూచాయగా తెలిసింది. అడగాలంటే భయమేసింది. అడిగితే జవాబు తన మెడకే చుట్టుకుంటుంది. అందుకే మైకు మంచిది కాదంది. మైకు తిరిగి మాట్లాడదు కదా.

తెర మీద ఎడమ చివర బరువైన శబ్దాలు, కుడి చివర సన్నటివి. మధ్యలో అడ్డంగా ఒక గీత. గీతని ఎక్కడ పట్టుకుని పైకి లాగితే అక్కడి శబ్దం పెరుగుతుంది, కిందికి నొక్కితే తగ్గుతుంది. ఈక్వలైజర్ అంటారు. రికార్డింగు గదిలో ఆమెకి పని నేర్పిన పెద్దాయన దాన్ని ఇస్త్రీపెట్టె అనేవాడు. ‘ముడతలు తీస్తుందమ్మా, చిరుగు కుట్టదు. ఉన్నదాన్ని పెంచుతుంది. లేనిదాన్ని పుట్టించదు.’

అక్క గొంతు ఉందా, లేదా?

ముందు అడుగున పేరుకున్న హోరు నొక్కేసింది. గదిలో ఫ్యాను గురగుర పోయింది. తర్వాత గీత కింది అంకెల్లో రెండొందల యాభై దగ్గర మెల్లగా తగ్గించుకుంటూ వచ్చింది. దుప్పటి ఒక మడత తొలిగింది. ఇక కుండ మిగిలింది. ఆ డొల్లతనం ఎక్కడ దాక్కుందో తెలియాలంటే ఒకటే దారి. గీత మీద ఒక సన్నటి మొనని బాగా పైకి లాగి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ పోవాలి. ఒకచోట గొంతు భరించలేనంత వికారంగా అరుస్తుంది. అదే చోటు. అక్కడే ఆగి, కిందికి తొక్కెయ్యాలి.

హెడ్‌ఫోన్ తీసి చిన్న స్పీకరులో పెట్టింది. మొన లాగి జరిపింది. పాట కాస్తా రేకు మీద మేకు గీసినట్టు కీచుమంది.

“ఏమిటా కూత?”

బావగారు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఏ మిషనుదో మరమేకు. రేపు భార్యకి ఆపరేషను అయినా ఆయన ఇవాళ పొద్దుట నుంచీ వసారాలో కూర్చుని కుట్టుమిషన్లు విప్పుతూనే ఉన్నాడు. వీధిలో ఆయన్ని సూది అంటారు. మిషన్లు బాగుచేస్తాడని కొంత, మాట గుచ్చుతాడని ఎక్కువ.

“ఆపుతావా లేదా? దాని గొంతుని రేకు డబ్బా చేసిపెట్టావేంటమ్మా!”

“ఇది మధ్యలో బావగారూ. ఇలా అరిపిస్తేనే చెడు ఎక్కడుందో దొరుకుతుంది. దొరికితే కోసేస్తాను.”

“అందరూ కోసేవాళ్ళే. అక్కడ వాడు గొంతు కోస్తాడు, ఇక్కడ నువ్వు పాట కోస్తావు.”

చిన్నకోడలు స్పీకరు కట్టేసింది.

“మైకు మంచిది కాదన్నావటగా మా అమ్మతో.”

ఆమె తెరవైపే చూస్తూ ఉండిపోయింది.

“మూడు కొట్లు తిరిగి తెచ్చాను. ఒక్కోడినీ నిలబెట్టి అడిగి తెచ్చాను, ఆడమనిషి గొంతుకి ఏది బాగుంటుందని. అంతేలే. నేను తెచ్చింది ఏది మంచిదైంది ఈ ఇంట్లో! మిషన్లకి నూనె పోసుకునేవాడికి మైకుల సంగతి ఏం తెలుస్తుంది?”

“నేనలా అనలేదు బావగారూ.”

“అననక్కర్లేదు.”

అంటూనే మూల నున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది. ఊరందరి మిషన్లకీ నూనె వేస్తాడు గానీ తన స్టూలుకి వెయ్యడని అత్తగారు రోజుకొకసారి అనే మాట. ఇవాళ అనడానికి ఆవిడ దగ్గర లేదు.

“కానియ్,” అన్నాడు. “నేను కదలను. కదిలితే మళ్ళీ మైకుకి తగులుతుందంటావు.”

చిన్నకోడలు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అరిచిన చోటు గుర్తుంది. అక్కడ తొక్కేసింది. కుండ పగిలింది. ఇప్పుడు కుడివైపు, నాలుగు వేలు దాటాక, సన్నటి శబ్దాలుండే చోట కొద్దికొద్దిగా పెంచింది. మాటలకి అంచులు మొలిచాయి. ఇంకొంచెం పెంచింది. ‘మెల్లగా’లో ‘ల్ల’ దగ్గర అక్క నాలుక అంగిలికి తగిలి విడిపోవడం వినిపించింది.

ఉంది. అక్క ఉంది.

‘దీపం నిద్దరోతోంది గాలీ, దాన్ని లేపకు...’

కిర్రు.

చిన్నకోడలు చిరాకుగా వెనక్కి తిరిగింది. కదలనన్నాడు కదా! బావగారు శిలలా కూర్చుని ఉన్నాడు. కాలైనా కదపలేదు.

ఆమె పాట వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. కిర్రు. స్టూలు గదిలో కిర్రుమనలేదు. పాటలో కిర్రుమంది. అక్క గొంతు ఇంత అవస్థపడితేగాని బయటికి రాలేదు. స్టూలు మాత్రం చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా ఉంది.

దాని వెనకే ఇంకేదో ఉంది. మొదట గాలి శబ్దం అనుకుంది. కాదు. ముక్కుతో పీల్చిన ఊపిరి, మధ్యలో తెగి, మళ్ళీ అందుకుని. తర్వాత మొహానికి గుడ్డ అదుముకున్న చప్పుడు. ఆ గుడ్డలోకి, బయటికి రాకుండా అణిచిపెట్టిన మూలుగు.

ఎవరో ఏడుస్తున్నారు. మగమనిషి. మైకుకు జానెడు దూరంలో.

ఆమె చెయ్యి దానంతటదే పాట ఆపేసింది.

“ఏమైంది?” అన్నాడు బావగారు.

“బావగారూ... ఆ రోజు మీరెక్కడ కూర్చున్నారు?”

“ఎక్కడేంటి? ఇక్కడే, గోడవారన. బొత్తాం నొక్కాలంటే ఇక్కడే కూర్చోవాలి కదా. అది మైకుకి అవతలివైపు నిలబడింది.”

“మైకు మీద గుర్తు ఒకటి ఉంటుంది. కంపెనీ గుర్తు. అది ఎటువైపు పెట్టారు?”

“నావైపే.” ఆయనకి ప్రశ్నే వింతగా ఉంది. “ఏ మిషనుకైనా కంపెనీ పేరు నడిపేవాడివైపే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నడిపేవాణ్ణి నేను. కాదా?”

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. ఇంక దాచిపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

“మైకు తప్పు కాదు బావగారూ. మీ తప్పూ కాదు. గుర్తున్నవైపు దాని మొహం. అటునుంచే వింటుంది. రెండోవైపు దాని వీపు. ఆ మాట మీకు చెప్పాల్సింది నేను. తొందరలో బొత్తాం గురించి చెప్పి వెళ్ళిపోయాను. అక్క... అక్క పదకొండు పాటలూ దాని వీపుకి పాడింది.”

బావగారు మరమేకుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

“అయితే దాని మొహంవైపు...”

“మీరున్నారు.”

ఆమె హెడ్‌ఫోన్ తీసి ఆయనకిచ్చింది. ఇవ్వకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది. కానీ ఎలాగూ చెప్పి ఒప్పించలేని సంగతి అది. ఆయన సరిగ్గా పది క్షణాలు విన్నాడు. చెవుల మీద నిప్పు పడ్డట్టు లాగి పారేశాడు.

“తీసెయ్.”

“బావగారూ...”

“కోస్తానన్నావుగా! కొయ్యి. దాన్ని కొయ్యి ముందు!”

“పాట ఆగినచోట్ల కోసెయ్యగలను. చరణాల కింద ఉన్నది రాదు. మీ ఊపిరీ అక్క మాటల అంచులూ ఒక్కచోటే ఉన్నాయి. మీది తీస్తే అక్కది పోతుంది. అక్కది పెంచితే మీది వస్తుంది.”

“మైకులు ఉతికే చదువు చదివావు, ఆమాత్రం చాతకాదా?”

“చాతకాదు.”

ఆయన లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. కిర్రుమంటే స్టూలు వైపు శత్రువుని చూసినట్టు చూశాడు.

“అది వినకూడదమ్మా,” అన్నాడు. ఆయన గొంతు ఇంత మెత్తగా ఉండగలదని చిన్నకోడలికి ఇన్నేళ్ళలో తెలియదు. “పది రోజులుగా దానికి ఒకటే చెబుతున్నాను. దారం కొస తెంపినంత పని, భయపడకు అని. నీ పాటల గోల వదిలి ఇల్లు చల్లబడుతుందని కూడా అన్నాను. తిట్టుకుంటూనైనా ధైర్యంగా ఉంటుందని. నేనే ఇలా కూర్చుని... అని తెలిస్తే అది ఆ బల్ల ఎక్కదు. ‘ఈయనకి డాక్టరు ఏదో చెప్పాడు’ అనుకుంటుంది.”

“చెప్పాడా?”

బావగారు మరమేకుని గుప్పిట్లో బిగించాడు. చిన్నకోడలు మళ్ళీ అడగలేదు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఇలాంటప్పుడు కదా రికార్డు చెయ్యాల్సింది అని ఆమెకి పిచ్చి ఆలోచన వచ్చింది.

“ఆ మాట నా గొంతులోనే ఉండనీ,” అన్నాడు చివరికి. “కుండలా ఉన్నదే వినిపించు.”

* * *

నాలుగుకి పావుగంట తక్కువలో పెద్దకోడలు తనే వచ్చింది.

ఇస్త్రీ చీర కట్టుకుంది. మెడ చుట్టూ పల్చటి గుడ్డ. చేతిలో పలక, బలపం. ఊరికి వెళ్ళే మనిషిలా ఉంది గానీ ఆసుపత్రికి వెళ్ళే మనిషిలా లేదు. బల్ల దగ్గర నిలబడి రాసింది.

‘ఇస్త్రీ అయిందా?’

చిన్నకోడలికి నవ్వు రాబోయి ఆగింది. పెద్దాయన మాట ఎప్పుడో తనే చెప్పింది. అక్క ఏదీ మర్చిపోదు.

“అయిందక్కా. రా, కూర్చో.”

వెనకే అత్తగారు. కాగితం, కలం. ఈసారి కళ్ళజోడు కూడా దొరికింది. “వింటావు, పెడతావు. అంతే కదా? మాటంటే మాటే. పిల్లలకి నీతులు చెప్పేదానివి.”

పెద్దకోడలు తలూపింది.

బావగారు గోడవారన నిలబడ్డాడు. స్టూలు మీద కూర్చోలేదు.

చిన్నకోడలు తెర మీద రెండు చారలు పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి హోరు మాత్రం తీసింది. రెండోది అంచులు మొలిచింది. బావగారి చూపు మెడ మీద ఉండడం తెలుస్తోంది. అక్క చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి మొదటిది నొక్కింది.

పెద్దకోడలు కళ్ళు మూసుకుని వింది. నుదురు మొదట నున్నగా ఉంది. తర్వాత ముడతపడింది. చెయ్యి హెడ్‌ఫోన్ని చెవులకి ఇంకా గట్టిగా అదుముకుంది, దగ్గరికి లాక్కుంటే వినిపిస్తుందేమోనన్నట్టు. పాట సగంలో ఉండగానే తీసి బల్ల మీద పెట్టేసింది.

‘కుండ’ అని రాసింది.

కాసేపు ఆగి, కింద ఇంకో వరస.

‘ఇంతేనా మిగిలింది?’

“అక్కా, మైకు...”

పెద్దకోడలు చెయ్యెత్తి వద్దంది. కోపం లేదు మొహంలో. కోపమైనా బాగుండేది. రెండు వేళ్ళు మెడ మీది గుడ్డ కింద పెట్టుకుని, అక్కడ ఇంకా ఉన్నదాన్ని తడుముకుంటున్నట్టు ఒక్క క్షణం నిలబడింది. అత్తగారి చేతిలోని కాగితాన్ని మెల్లగా వెనక్కి తోసింది. గుమ్మంవైపు నడిచింది.

బయట బండి హారన్ మోగింది.

“అమ్మా, నీకు దండం పెడతానే!” అత్తగారు ఆమె కొంగు పట్టుకుంది. “కోడలివని చూడను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పాట పోతే పోయింది. నా కొడుకు మొహం చూడు!”

పెద్దకోడలు భర్త మొహం చూడలేదు. పలక మీద గబగబా రాసి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది.

“‘ఆయనకి... గోల వదులుతుంది... అన్నారుగా.’”

చదివాక అత్తగారు కొడుకువైపు తిరిగింది. “అన్నావట్రా?”

హారన్ మళ్ళీ మోగింది. బల్ల మీద ఫోను కూడా మోగింది. ఎవరూ తియ్యలేదు.

“రెండోది పెట్టు,” అన్నాడు బావగారు.

చిన్నకోడలు తలెత్తింది. “బావగారూ, మీరు...”

“పెట్టమన్నాను.”

అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు, తరగతిలో శిక్ష వేసిన పిల్లాడిలా.

“అక్కా, ఒక్కమాట వినిపో.” చిన్నకోడలు లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. “తప్పు నాది. మైకుకి ముందు వెనక ఉంటుందని ఆయనకి నేను చెప్పలేదు. గుర్తున్నవైపు మొహం. అది ఆ రోజు ఆయనవైపు ఉంది. నువ్వు దాని వెనక పాడావు. అయినా నీ గొంతు ఉంది. నేను పైకి లాగాను. కానీ నీతోబాటు... ఇంకోటి కూడా వచ్చింది. అది తీస్తే నువ్వు పోతావు. అందుకని తియ్యలేదు.”

పెద్దకోడలు మైకుని చూసింది. గోడవైపు తిరిగి ఉన్న భర్త వీపుని చూసింది. వెనక్కొచ్చి కూర్చుని, హెడ్‌ఫోన్ తనే పెట్టుకుంది.

చిన్నకోడలు నొక్కింది.

మొదటి వరసకే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు శబ్దం లేకుండా కదిలాయి. మెల్లగా రా. చెయ్యి తొడ మీద తాళం వెయ్యసాగింది. అత్తగారు కలం మూత తీసేసింది, ఆలస్యమైతే మనసు మారుతుందేమోనన్నట్టు.

రెండో వరసలో తాళం ఆగింది.

పెద్దకోడలు చూపుడువేలు ఎత్తింది. మళ్ళీ.

చిన్నకోడలు వెనక్కి జరిపి పెట్టింది.

మళ్ళీ.

మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చింది. దాంట్లోంచి పాట సన్నగా, చీమంత గొంతుతో సాగుతూనే ఉంది. కళ్ళు భర్త వీపు మీద ఉన్నాయి. ఆ వీపు కొంచెం కొంచెంగా కుంగిపోవడం గదిలో అందరికీ కనబడుతోంది.

“ఏం వినిపించిందే?” అంది అత్తగారు. “బాగుంది కదా? ఇదిగో కలం.”

పెద్దకోడలు కలం తీసుకుంది. కాగితం తీసుకుంది. కానీ ఆవిడ కాగితాన్ని బల్ల మీద పరిచి, కలాన్ని దాని మీద అడ్డంగా పెట్టి, పలక అందుకుంది. బలపం చాలాసేపు కీచుమంది. రాసి, దాన్ని భర్తకి చూపించాలంటే ఆయన గోడవైపు ఉన్నాడు. అందుకని అత్తగారికే ఇచ్చింది.

“‘డాక్టరు...’” అత్తగారు కూడబలుక్కుంది. “‘డాక్టరు మీకు చెప్పి... నాకు చెప్పనిది ఏమిటి?’”

ఆవిడ పలక మీంచి తలెత్తి కొడుకు వీపువైపు చూసింది. “ఏమిట్రా?” అంది చాలా చిన్నగా. “ఏం చెప్పాడు?”

బావగారు కదల్లేదు. “ఏం లేదు,” అన్నాడు గోడతో. “బయల్దేరండి. బండి వచ్చింది.”

పెద్దకోడలు లేచింది. బావగారి భుజం పట్టుకుని ఇటు తిప్పింది. స్టూలు లాగి ఆయన్ని దాని మీద కూర్చోబెట్టింది. కిర్రుమంది. తర్వాత మైకు ఉన్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందుకి తెచ్చింది. దాన్ని మెల్లగా తిప్పి, గుర్తు ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, సరిగ్గా ఆయన నోటికి ఎదురుగా పెట్టింది. ముప్పై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టే మనిషి, ఒక్క మొగుణ్ణి కూర్చోబెట్టడం ఎంతసేపు!

పలక మీదిది కొంగుతో తుడిచేసి, రెండే మాటలు రాసింది.

‘చెప్పండి. వింటాను.’

చిన్నకోడలివైపు తిరిగి ఎర్ర బొత్తాం చూపించింది.

చిన్నకోడలు బావగారిని చూసింది. ఆయన కళ్ళు ‘వద్దు’ అంటున్నాయి. అక్క కళ్ళు ఏమీ అనడం లేదు, ఎదురుచూస్తున్నాయి. మధ్యలో బల్ల మీద కాగితం, దాని మీద మూత తీసిన కలం. ఆ రోజు ఈ బొత్తాం గురించి ఎంత తేలిగ్గా చెప్పింది తను! నొక్కండి, అంతే.

నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

బయట హారన్ మూడోసారి మోగింది. అత్తగారు వీధి గుమ్మంలోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. “నాయనా, ఆపు! కొట్టకు!” అన్న కేక వినిపించింది. “లోపల రికార్డింగు జరుగుతోంది!”

వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

చిన్నకోడలు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. చేతులు గీత జోలికి పోలేదు. ఇందులో పెంచాల్సిందీ నొక్కాల్సిందీ ఏమీ లేదు. ముందు స్టూలు కిర్రుమంది. తర్వాత బావగారి ఊపిరి, మొహంవైపు నుంచి, జానెడు దూరంలో, ఉన్నది ఉన్నట్టు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “సగం,” అన్నాడు. “ఆశ సగమేనన్నాడు డాక్టరు.”